కాస్త ఆగండి బాబూ

రోడ్డు దాటుదామని కాలు కింద పెట్టగానే హారన్ కొట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. తెల్లగీతల మీద నడుస్తున్నప్పుడు కొడితే మరీను. మనం సగం రోడ్డు దాటి ఉంటాం. వంద గజాల అవతల నుంచే ఆ మోత మొదలవుతుంది. బండి వేగం మాత్రం పిసరంత కూడా తగ్గదు. హారన్ కొట్టేశాం గనుక మా బాధ్యత తీరిపోయింది, ఇక తప్పుకోవడం నడిచేవాళ్ల పని అని మన గుంటూరులో బండి తోలేవాళ్ల గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పు. మర్యాద ప్రకారమూ తప్పే, చట్ట ప్రకారమూ తప్పే.

చట్టం ఈ విషయంలో ఎక్కడా తడబడలేదు. క్రాసింగ్ దగ్గర వేగం తగ్గించాలని 1989 నాటి నిబంధనల్లోనే ఉంది. వాటి స్థానంలో 2017 జూన్‌లో కేంద్రం కొత్త డ్రైవింగ్ నిబంధనలు తెచ్చింది. సిగ్నల్ లేని క్రాసింగ్ దగ్గరికి వచ్చినప్పుడు వేగం తగ్గించాలి, ఆగాలి, నడిచేవాళ్లకీ చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకీ దారి ఇవ్వాలి. ముందు బండ్లు నిలిచిపోయి ఉంటే గీతల మీదికి బండి ఎక్కించకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, నడిచేవాళ్ల కోసం నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. ఆ అధికారం కాగితం మీదే ఉండిపోయింది. చివరికి కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ ఎప్పుడో వేసిన కేసులో, 2025 అక్టోబరు 7న, ఆరు నెలల్లో ఆ నియమాలు తయారు చేయాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. విరిగిన ఎముకలు అతికించే మనిషే, అసలు విరగకుండా చూడండని కోర్టు మెట్లెక్కాడు. 2023లో మన దేశపు రోడ్ల మీద పోయిన ప్రాణాలు లక్షా డెబ్బై రెండు వేలకు పైనే. అందులో 35 వేల మందికి పైగా కాలినడకన పోతున్నవాళ్లు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు.

మన ఊళ్లో ఆ నడిచేవాళ్లు ఎవరో ఒక్కసారి చూడండి. సర్వజనాసుపత్రిలో మనిషిని పడుకోబెట్టి, చేతిలో చీటీ పట్టుకుని మందుల షాపుకి పరుగెత్తే పల్లెటూరి ఆడమనిషి. బ్రాడీపేట, అరండల్‌పేట హాస్టళ్ల నుంచి పుస్తకాల సంచీతో కోచింగులకు పోయే పిల్లలు. కోల్డ్ స్టోరేజీల్లో పొద్దస్తమానం మిరపకాయల తొడిమలు తీసి, మండే చేతులతో ఆటో కోసం అవతలి పక్కకి వెళ్లే కూలి అమ్మలు. శంకర్ విలాస్ పాత వంతెన కూల్చి కొత్తది కట్టే పని మొదలయ్యాక బండ్లన్నీ పక్క రోడ్ల మీదికీ సందుల్లోకీ మళ్లాయి. ఒకప్పుడు ముసలివాళ్లు కర్ర పట్టుకుని తీరిగ్గా దాటిన అడ్డరోడ్లలో ఇప్పుడు వయసులో ఉన్నవాళ్లే అటూ ఇటూ చూస్తూ నిలబడిపోతున్నారు.

హారన్ గురించి ఇంకా చెప్పాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. ఆ మోతకి బెదిరిన మనిషి ముందుకు ఉరకాలో వెనక్కి తగ్గాలో తేల్చుకోవడానికి పట్టేది కూడా ఆ ఒక్క సెకనే. చెవులు సరిగా వినపడని పెద్దాయనకి ఆ మోత ఏ పక్క నుంచి వస్తోందో కూడా తెలియదు. చంకలో పిల్లాడున్న తల్లి ఉలిక్కిపడితే చేతిలోని సంచీ జారుతుంది, దాన్ని తీసుకోవడానికి అక్కడే వంగుతుంది. భయపెడితే మనిషి త్వరగా దాటడు, తడబడతాడు. ప్రాణాన్ని కాపాడేది బ్రేకు ఒక్కటే.

చిన్నప్పుడు మమ్మల్ని బడికి తీసుకెళ్లిన రిక్షా తాతకి ఇవన్నీ ఎవరు నేర్పారో తెలియదు. ఆయన రిక్షాకి రబ్బరు బుడ్డితో ఇత్తడి హారన్ ఉండేది. దాన్ని నొక్కాలని మాకు మహా సరదా. ఖాళీ రోడ్డు మీద నొక్కితే ఏమీ అనేవాడు కాదు. ఎదురుగా మనిషి కనపడితే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపేవాడు. “అది గొడ్లకి కొట్టాల గానీ మనుషులకి కొట్టగూడదమ్మా, కసిరినట్టుంటది” అనేవాడు. అడ్డరోడ్డు వచ్చిన ప్రతిసారీ సీటు దిగి, హ్యాండిల్ పట్టుకుని, రిక్షాని నడిపించుకుంటూ దాటించేవాడు. అప్పుడే ఎవరైనా ముసలమ్మ దాటుతుంటే, వెనక వచ్చే సైకిళ్లకి చెయ్యి అడ్డం పెట్టి, “పదమ్మా, నువ్వు పో” అనేవాడు. వానాకాలంలో మా మీద పట్టా కప్పి తను తడిసేవాడు. బడి గేటు ముందు రోడ్డు దాటించే పని మాత్రం ఎవరికీ వదిలేవాడు కాదు. నలుగురం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసులా నడవాలి, ముందు తను, వెనక మేము. నెల జీతం అడగడానికి మొహమాటపడే మనిషి, మమ్మల్ని దాటించేటప్పుడు లారీ వచ్చినా అడ్డంగా నిలబడేవాడు. ఆయన చదువుకోలేదు. చట్టం పేరు కూడా విని ఉండడు.

మనవాళ్లకి చేతకాదు, మన జనం ఇంతే అనే మాట నేను ఒప్పుకోను. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేటల నుంచి డల్లాస్‌కీ శాన్‌హోజేకీ వెళ్లిన పిల్లలు ఎంతమంది లేరు! అక్కడ ఫుట్‌పాత్ అంచున మనిషి నిలబడితే చాలు, కారు ఆపేస్తారు. కాలిఫోర్నియాలో కొత్త చట్టం వచ్చి, క్రాసింగ్‌కి ఇరవై అడుగుల లోపు, బండ్లు వచ్చే వైపున కారు నిలపకూడదంటే, 2025 నుంచి దానికీ అలవాటు పడ్డారు. ఆ పిల్లలే సంక్రాంతికి ఇంటికొచ్చి లాడ్జి సెంటర్‌లో మేనమామ కారు తీస్తే హారన్ మీద నుంచి చెయ్యి తీయరు. మనిషి మారలేదు, రోడ్డు మీది అలవాటు మారింది.

అలవాటు మారుతుందనడానికి జపాన్ సాక్ష్యం. సిగ్నల్ లేని క్రాసింగ్ దగ్గర మనిషి నిలబడితే ఎన్ని కార్లు ఆగుతాయో అక్కడి వాహనదారుల సమాఖ్య ఏటా లెక్కిస్తుంది. 2018లో ఆగినవి నూటికి 9 కూడా లేవు. 2023 నాటికి 45 అయ్యాయి. అయిదేళ్లలో అంత మార్పు. అక్కడ చేసింది లెక్క పెట్టడం, ఆ లెక్క ఊరూరా అందరికీ చెప్పడం, ఆగని వాళ్లకి జరిమానా వేయడం. మన దగ్గర చెరిగిన గీతలు మళ్లీ వేయాలి. గీతల చివర డివైడర్ గోడ అడ్డం లేకుండా చూడాలి. గీతల మొదట్లో నిలిపిన బండ్లు తీయించాలి. ఇవి అధికారుల పనులు, వాళ్లని అడుగుదాం, గట్టిగా అడుగుదాం. గీత దగ్గర ఆగడానికి మాత్రం ఎవరి ఆర్డరూ అక్కర్లేదు.

మిరప కోతలు మొదలైతే మిర్చి యార్డు దారిలో మిరప బస్తాల లారీలు, కూలీల ఆటోలు, నడిచే మనుషులు అందరూ ఒకే రోడ్డు మీద ఉంటారు. ఈ సీజన్ నుంచే మొదలుపెట్టండి. గీత కనపడగానే వేగం తగ్గించండి, మనిషి కనపడితే బండి ఆపండి, ఆ మనిషి అవతలి గట్టు చేరాకే కదలండి. బండి మీద మీ ముందు కూర్చున్న పిల్లాడు రేపు మీలాగే తోలతాడు, వాడి కోసమైనా ఆగండి.