మాస్కోలో ఎండ, పెషావర్‌లో వాన

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి 'అప్‌స్ట్రీమ్' అన్న మాట కొత్తేం కాదు. మన సర్వర్ పడిపోతుంది, లాగ్స్ అన్నీ తిరగేస్తాం, మన కోడ్‌లో ఏమీ దొరకదు. చివరికి తేలేదేంటంటే, ఎక్కడో ఇంకో టీమ్ వాళ్ళ సర్వీసు రెండ్రోజుల్నుంచి మొరాయిస్తోందని. ప్రొడక్షన్ సపోర్ట్ చేసీ చేసీ నాకిది అలవాటైపోయింది. అందుకేనేమో, 2010 పాకిస్తాన్ వరదల గురించి చదవడం మొదలుపెట్టాక ఒక పట్టాన వదల్లేకపోయాను.

ఆ ఏడాది జూలై 29న మాస్కోలో 38.2 డిగ్రీల ఎండ. అక్కడ అదో రికార్డు. సరిగ్గా ఆ రోజుల్లోనే పాకిస్తాన్ వాయవ్యాన కుండపోత. పెషావర్‌లో ఒక్క రోజులో 27 సెంటీమీటర్లు! సింధు నది పొంగి దాదాపు 2 కోట్ల మంది దెబ్బతిన్నారు. సుమారు 2,000 మంది చనిపోయారు.

ఈ రెండిటికీ సంబంధం ఏంటంటారా? సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఒకటి ఉంటుంది. అది తిన్నగా పోదు, పాములా మెలికలు తిరుగుతుంది. ఆ మెలికల్నే రాస్‌బీ తరంగాలంటారు. ఆ వేసవిలో రష్యా మీద ఒక అధిక పీడనం వారాల తరబడి కదలకుండా కూర్చుంది. ఏటికి అడ్డంగా బండరాయి పడ్డట్టన్నమాట. గాలి దాన్ని చుట్టుకుని ఉత్తరానికి ఎక్కి, అటు పక్కన ఉత్తర పాకిస్తాన్ దాకా దిగింది. అక్కడ అప్పటికే మన బంగాళాఖాతం నుంచీ, అరేబియా సముద్రం నుంచీ రుతుపవనాలు మోసుకొచ్చిన తేమ ఉంది. పైన ఈ గాలి, కింద ఆ తేమ, ఎదురుగా కొండలు. ఇంకేం కావాలి?

అలాగని తప్పంతా రష్యా ఎండదే అనను. తేమ లేకపోతే అంత వాన పడేది కాదు. పెద్ద అవుటేజీలు చాలావరకు ఇలాగే, రెండు మూడు కలిసొస్తేనే జరుగుతాయి.

నన్ను నిజంగా బాధపెట్టింది వేరే విషయం. పీటర్ వెబ్‌స్టర్ బృందం 2011లో, యూరప్ వాతావరణ కేంద్రం అంతకు ముందు ఏడాది వేసిన అంచనాల్ని తిరగేసి చూసింది. ఆ వానలు 6 నుంచి 8 రోజుల ముందే పసిగట్టగలిగినవని తేల్చింది. ఆరు రోజులంటే మాటలా? గొడ్డూ గోదా తోలుకుని, ముసలివాళ్ళని ఎత్తుకుని మెరకకి చేరడానికి బోలెడు టైము.

మేఘాలు వీసా అడక్కుండా దేశాలు దాటేస్తాయి. వాటి గురించిన కబురు మాత్రం దాటలేకపోయింది. సూపర్ కంప్యూటర్లు ఇంకా పెద్దవి కావాలనే వాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ అలర్ట్ డాష్‌బోర్డ్ మీద వెలిగితే చాలదండీ, ఏటి గట్టున పడుకున్నవాడి చెవిన పడాలి. ఆ పని మిగిలున్నంత కాలం అంచనా కరెక్టే అని చెప్పుకుని లాభం లేదు.