రాతిలో దొరికిన గుల్ల



మీలో ఎవరైనా దారిలో దొరికిన రాయిని జేబులో వేసుకుని బడికి వెళ్ళారా? వెళ్ళే ఉంటారు. నేను ముప్ఫయ్యయిదేళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లల జేబుల్లో చూసినన్ని రకాల రాళ్ళు ఏ కొండ మీదా చూడలేదు. అటువంటి రాయి ఒకదాన్ని గురించి, దాని విషయంలో నేను చేసిన తప్పును గురించి ఇప్పుడు మీకు చెబుతాను.

అది 1988వ సంవత్సరం. అప్పుడు నేను కొవ్వూరు దాపున ఒక పల్లెబడిలో సైన్సు మాస్టర్ని. ఆ చుట్టుపక్కల పంగిడి వైపు నల్లరాతి క్వారీలు ఉన్నాయి. రోడ్లకు వేసే కంకర అక్కడ కొడతారు. ఆ రోజు ఏడవ తరగతికి రాళ్ళ పాఠం చెబుతున్నాను. భూమి లోపల నుంచి కరిగి వచ్చిన రాయి చల్లారి గట్టిపడితే అగ్నిశిల అవుతుంది. నీళ్ళ అడుగున మట్టి, ఇసుక, గుల్లలు పొరలుపొరలుగా పేరుకుని గట్టిపడితే అవక్షేపశిల అవుతుంది. "గుల్లలూ ఎముకలూ దొరికేది రెండో రకంలోనే. అగ్నిశిల నిప్పులా కాగి వచ్చింది. అందులో గుల్ల ఎలా బతుకుతుంది?" అన్నాను.

వెనక బెంచీ మీద నుంచి ఒక కుర్రవాడు లేచాడు. వాళ్ళ నాన్న క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. వాడు జేబులోంచి ఒక తెల్లని రాయి తీసి బల్ల మీద పెట్టాడు. దాని ఒంటి నిండా చిన్నచిన్న గుల్లలు అతుక్కుపోయి ఉన్నాయి.

"మాస్టారూ, ఇది నల్లరాయి మధ్యలో దొరికిందండి."

"మధ్యలో అంటే?"

"పైన నల్లరాయండి, కింద నల్లరాయండి. నడుమ ఇది ఉందండి."

నాకు నవ్వు వచ్చింది. "గుల్లసున్నం కాల్చేవాళ్ళెవరో పారేసి ఉంటారు. కూర్చోరా!" అన్నాను.

వాడు కూర్చోలేదు. "నా కళ్ళతో చూశానండి" అన్నాడు. పిల్లలంతా నా ముఖంలోకి చూశారు. నాకు కోపం వచ్చింది. ఆ రాయిని తీసి కిటికీలోంచి బయటికి విసిరి, వాణ్ణి బెంచీ ఎక్కించాను. ఆ తరువాత వాడు నా తరగతిలో ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. వాడికి బుద్ధి వచ్చిందనుకుని, నేను సంతోషించాను కూడాను.

రెండేళ్ళకు మా ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు జరిగాయి. భూవిజ్ఞానం చెప్పే ఒక అధ్యాపకుడు మమ్మల్ని పంగిడి క్వారీకి తీసుకువెళ్ళి, కొట్టిన రాతిగోడ ముందు నిలబెట్టి, "ఏమి కనబడుతోంది?" అని అడిగాడు. పైన నల్లరాయి, కింద నల్లరాయి, నడుమ తెల్లని పొర! ఆ పొర నిండా గుల్లలు! నా తల దించుకుపోయింది.

అది ఎలా సాధ్యమంటారా? వినండి.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం పడమటి భారతదేశంలో భూమి పగుళ్ళు విచ్చి లావా పొంగింది. అది ఒకసారి పొంగి ఊరుకోలేదు. పొంగడం, ఆగడం, మళ్ళీ పొంగడం ఇలా ఎన్నోసార్లు జరిగింది. మహారాష్ట్రలో మెట్లుమెట్లుగా కనిపించే నల్లని కొండలు ఆ లావా పొరలే. తెలంగాణలో వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరాళ్ళు కూడా వాటి సంతతే. ఆ రాయి పేరు బసాల్టు. ఈనాటికీ మనదేశంలో సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేల దాని కింద కప్పబడి ఉంది.

ఆ లావాలో కొంత నదీలోయల వెంట పల్లానికి జారి, సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి, మన గోదావరి తీరానికి వచ్చిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. దారిలో చల్లారిపోదా అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. కాచిన పాల మీద మీగడ కట్టినట్టు లావా పైభాగం ముందుగా గట్టిపడుతుంది. ఆ పైకప్పు వేడిని బయటికి పోనివ్వదు. లోపలి లావా దాని చాటున ప్రవహిస్తూనే ఉంటుంది.

ఆనాడు సముద్రపు అంచు ఇక్కడే ఉండేది. మొదటి లావా వచ్చి చల్లబడింది. తరువాత చాలాకాలం లావా రాలేదు. సముద్రపు నీరు ఆ నల్లరాతి మీదికి చేరింది. అందులో నత్తలూ ఆల్చిప్పలూ పుట్టి పెరిగాయి, చచ్చాయి. వాటి గుల్లలు సున్నపు బురదలో పూడిపోయాయి. ఆ తరువాత మళ్ళీ లావా వచ్చి అంతటినీ కప్పివేసింది. చూశారా! గుల్ల అగ్నిశిలలో లేదు. రెండు అగ్నిశిలల మధ్య విరామంలో ఉంది. నా పాఠమూ తప్పు కాదు, కుర్రవాడి మాటా తప్పు కాదు. వాడి మాట సరిగా వినకపోవడమే తప్పు.

ఇంకొక సంగతి చెబితే మీరు నవ్వుతారు. నాగపురంలో బడి నడిపిన స్టీఫెన్ హిస్లప్ అనే ఆయన ఈ రాజమహేంద్రవరం గుల్లలను గురించి 1860లోనే రాశాడు. అంటే నేను "లేవు పొమ్మన్న" నాటికి అవి లోకానికి తెలిసి నూటపాతికేళ్ళు దాటింది!

6 కోట్ల 60 లక్షల ఏళ్ళంటే ఎంత? ఏడాదికి ఒక్క మిల్లీమీటరు చొప్పున గీత గీయండి. మనిషి నిండు జీవితం మీ వేలంత పొడవు ఉంటుంది. మనకు తెలిసిన 5 వేల ఏళ్ళ చరిత్ర 5 మీటర్లు, అనగా ఒక గది పొడవు. ఆ గుల్ల దగ్గరికి వెళ్ళాలంటే 66 కిలోమీటర్లు గీయాలి. అది రాజమహేంద్రవరం నుంచి కాకినాడకు ఉన్నంత దూరం!

మర్నాడు నేను తొమ్మిదవ తరగతికి వెళ్ళి అందరి ముందూ ఆ కుర్రవాణ్ణి లేపాను. "ఒరే, ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. నేనే పొరబడ్డాను. ఆ రాయి ఏదిరా?" అన్నాను.

వాడు నేల చూపులు చూస్తూ, "మీరు కిటికీలోంచి పారేశారు కదండీ. సాయంత్రం వెతికానండి, దొరకలేదండి" అన్నాడు.

అప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇంకెన్నడూ కలగలేదు.

ఆ ఆదివారం వాడి నాన్నను వెంటబెట్టుకుని మేము పదిమందిమి క్వారీకి వెళ్ళాము. తెల్లపొర వస్తే కంకరకు పనికిరాదని కూలీలు దాన్ని పక్కన పోగు పోస్తారట. ఆ సంగతి వాడే చెప్పాడు. ఏ పొర ముందు వచ్చింది, ఏది తరువాత వచ్చింది అన్నది వాడే తోటివాళ్ళకు వేలు పెట్టి చూపించాడు. "కిందిది పాతదిరా, పైది కొత్తది. మా ఇంట్లో దుప్పట్లు మడతపెట్టినట్టే!" అన్నాడు. భూవిజ్ఞానంలో మొట్టమొదటి సూత్రం అదే. నేను వాళ్ళ మధ్య కూర్చుని విన్నాను.

మీరు కూడా రాళ్ళను పలకరించవచ్చు. ఒక గాజుసీసాలో మట్టి, ఇసుక, నీళ్ళు పోసి బాగా కుదిపి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. బరువైనవి కిందికి, సన్ననివి పైకి పొరలు కట్టడం చూస్తారు. సున్నపురాతిని మేకుతో గీకి, ఆ పొడి మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. సన్నని బుడగలు లేస్తాయి. నల్లరాతి పొడి మీద లేవవు. అయితే క్వారీలకు మాత్రం పెద్దలు తోడు లేకుండా వెళ్ళకండి. అక్కడ మందుపాతరలు పేలుస్తారు, రాళ్ళు జారిపడతాయి.

ఆ ఆదివారం కుర్రవాడు పోగులోంచి ఏరి ఇచ్చిన గుల్లరాయి ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. తరువాత ప్రధానోపాధ్యాయుణ్ణి అయినప్పుడు దాన్ని ఆఫీసుగదిలో పెట్టుకున్నాను. ఏ పిల్లవాడైనా వచ్చి "మాస్టారూ, పుస్తకంలో అలా ఉంది గాని, నేను ఇలా చూశానండి" అంటే, ముందు ఒకసారి ఆ రాయి వంక చూసేవాణ్ణి. ఆ తరువాత, "ఏదీ, పద! నాకు కూడా చూపించు" అనేవాణ్ణి.