కడుపునొప్పి

సినిమా మొదలైన పది నిమిషాల్లో విలన్ ఎవరో చెప్పేయడం మావారి సరదా. 2018లో నరసరావుపేటలో "రంగస్థలం"కి మేమిద్దరం, మా అమ్మా వెళ్ళాం. ఊరిని ముప్ఫై ఏళ్ళుగా గుప్పిట్లో పెట్టుకున్న ప్రెసిడెంటుగా జగపతిబాబు కనపడగానే, "ఇంకేముంది, వీడే!" అని తీర్పు చెప్పేసి పాప్‌కార్న్ పొట్లం విప్పారు.

ఇలాంటి చీకటి కథల సినిమాలకి 1946లో ఫ్రెంచి విమర్శకులు "నోయర్" అని పేరు పెట్టారు. అంటే నలుపు. సుకుమార్ తన గోదావరి పల్లెకి రంగులు బాగానే పూశాడు గానీ, లోపలున్నది ఆ నలుపే. ప్రెసిడెంటు మీద పోటీకి నిలబడ్డ అన్న హత్యకి గురవుతాడు. తమ్ముడు చిట్టిబాబుకి చెవులు సరిగా వినపడవు. వినపడేవాళ్ళేమో నోరెత్తరు. సినిమా వచ్చి ఇన్నేళ్ళయింది గనక చెప్పేస్తున్నాను, చంపించింది ప్రెసిడెంటు కాదు, మర్యాదస్తుడైన దక్షిణామూర్తి. కులం తక్కువవాడు తన కూతుర్ని ప్రేమించాడని! మావారి తీర్పు కొట్టుకుపోయింది.

పల్నాడంటే బయటివాళ్ళకి కారెంపూడి యుద్ధమూ, కత్తులూ, నాటుబాంబులూను. అబద్ధమనను. కానీ కత్తి పట్టుకున్నవాడు దూరం నుంచే కనపడతాడు, తప్పుకోవచ్చు. నాకు భయమల్లా చప్పుడు కాకుండా తలుపులు మూసుకునే వీధిని చూస్తేనే.

నా చిన్నప్పుడు గురజాలలో మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. నాకు మెలికల ముగ్గు నేర్పింది ఆవిడే. కాలేజీలో ఎవరినో ఇష్టపడిందని గుసగుసలు. ఓ తెల్లవారుజామున "కడుపునొప్పితో పోయింది" అన్నారు. పొద్దెక్కకముందే దహనమూ అయిపోయింది. వాళ్ళ నాన్నగారు మెత్తని మనిషి. నాకు ఎన్నిసార్లు మిఠాయి కొనిపెట్టారో! వీధి వీధంతా వెళ్ళి ఆయన్ని ఓదార్చి వచ్చింది.

సినిమా నుంచి ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళు కడుక్కుంటూ, ఎవరితోనో అన్నట్టు అంది: "ఆ పిల్లకి కడుపునొప్పేం లేదే. ముందురోజు సాయంత్రం మనింట్లో అట్లు తిని పోయింది."

ముప్ఫై ఏళ్ళకి మొదటి మాట!

"మరి అప్పుడెందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరూ అడగలా."

ఇన్ని నవలలు రాశాను. అన్నిట్లోనూ విలన్లున్నారు, మీసాలతో సహా. ఆ అక్క మాత్రం ఒక్క నవలలోనూ లేదు. నన్నూ ఎవరూ అడగలేదు మరి.