కామ్‌శేట్ కొండల నడుమ

పుణె నగరమునుండి లోణావలా పోవు లోకలు రైలులో సుమారు గంటసేపు ప్రయాణము చేసినచో కామ్‌శేట్ అను చిన్న స్టేషను వచ్చును. ప్రక్కనే యింద్రాయణీ నది. చుట్టును సహ్యాద్రి కొండలు. కార్లా, భాజా గుహలను జూడబోవు యాత్రికులు సామాన్యముగా నిచ్చట దిగరు. దిగువారిలో గొందఱి వీపులపై మాత్రము పఱుపుచుట్టవంటి పెద్ద సంచి యొకటి కానవచ్చును. అందులో నుండునది గుడ్డతో గుట్టిన రెక్క.

నలుబది నాలుగవ యేట, డిసెంబరు మాసమున, నేనిచ్చటికి పారామోటారు నడుప నేర్చుకొన వచ్చితిని. దీనికి విమానమునకువలె గది లేదు, చక్రములు లేవు. మన కాళ్లే చక్రములు. తలపై సన్నని త్రాళ్లతో వ్రేలు నైలాను రెక్క, కూర్చుండుటకు పట్టీల యాసనము, వీపున పెట్రోలు యంత్రము, దాని వెనుక పంజరములో దిరుగు పంకా, ఇంతియే. రెక్క ముందంచున నున్న రంధ్రములగుండ గాలి చొచ్చి యఱలను నింపగా నా గుడ్డ బిగిసి నిలుచును. మనలను మోయునది యా రెక్కయే. యంత్రము ముందునకు ద్రోయునంతే. కావున నది యాగిపోయినను మనము రాయివలె బడము, మెల్లగా జాఱుచు దిగుదుము. ఈ సంగతి మా యత్తగారికి నాలుగుసార్లు చెప్పితిని. ఆమె నాలుగుసార్లును "అట్లే కానిమ్ము, అయినను వలదు" అనిరి.

మొదటి నాలుగు దినములు మా గురువు నాకు యంత్రమును జూపనైన లేదు. అతడు నా వయసులో సగమువాడు. నన్ను "తాయీ" యని పిలుచును. వరి కోసిన మడిలో రెక్కను బఱచి, దానివైపు దిరిగి నిలిచి, ముందు త్రాళ్లు లాగి తలపైకి లేపవలెను; లేచినదానిని కదలకుండ నిలుపవలెను. తడిచీరను డాబాపై నారవేయునపుడు గాలి దానిని నింపి లాగు లాగుడు మన మందఱ మెఱిగినదే. ఇది యట్టి చీరలు పదింటి లాగుడు. మొదటి దినమున నన్నా మడి పొడవునను వరికొయ్యలపై నీడ్చుకొనిపోయినది. మూడవనాటికి గాని, రెక్క యే ప్రక్కకు వ్రాలునో కన్నుల కంటె ముందుగ చేతులకే తెలియునని నాకు బోధపడలేదు.

గాలి సంగతి వేఱుగా జెప్పవలెను. యంత్రము లేక కొండమీదినుండి యెగురువారికి మధ్యాహ్నపు టెండలో పైకి లేచు వేడిగాలి యాహారము. యంత్రముతో నేర్చుకొనువారి కదియే విషము. అందుచే నైదు గంటలకే లేచి, కఱ్ఱకు గట్టిన రిబ్బను వంక జూచుచు నుండెడివారము. చక్రము తిరుగునప్పుడు చేయి దాని దగ్గఱకు బోరాదు. ఈ విద్యలో చేతులకు దగులు గాయము లట్టివే. నీటికి దూరముగా నుండవలెను. పవనా జలాశయ మెంత సొగసైనను, వీపున నింత బరువు గట్టుకొని యందు బడినవారికి బయటపడుట దుర్లభము.

ఆఱవనాడు నా వంతు. మావారు రెండు దినములు సెలవు పెట్టి హైదరాబాదునుండి వచ్చి, గట్టుమీద నిలిచియుండిరి. ఇరువదియైదు కిలోల యంత్రమును దగిలించుకొని పరుగెత్తితిని. రెక్క వంకరగా లేచినది, మోకాలిపై బడితిని. మరల సిద్ధపడునంతలో రిబ్బను ప్రక్కకు దిరిగినది. గురువు, "పోదగనిదే, తాయీ, కాని నిర్ణయము మీది" అనెను. మావారి రైలు పదునొకండు గంటలకు. నేను రిబ్బనువంక జూచితిని, ఆయనవంక జూచితిని, పట్టీలు విప్పితిని. ఆయన యేమియు ననలేదు. యంత్రమును మోయుటకు సాయపడి, భోజనము చేసి వెడలిపోయిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మఱునాటి యుదయమున గాలి నిలుకడగా నుండెను. రెక్క తిన్నగా లేచినది. పది పదునైదడుగులు పరుగెత్తితినో లేదో, కాళ్లక్రింద నేల లేదు! రేడియోలో గురువు గొంతు "కూర్చుండకుడు, కూర్చుండకుడు" అని యఱచుచుండెను; తొందరపడి కూర్చున్నచో మరల నేలకు దగులుదుమట. చక్రపు వేగము నన్నొక ప్రక్కకు దిప్పజూచుచుండగా రెండవ చేతితో సరిచేసికొంటిని. నది, రైలుపట్టాలు, కొండలోని సొరంగమున దూఱు పెద్ద రహదారి, అన్నియు నొక్కసారిగా గనబడినవి. యంత్రపు మ్రోతలో నేనేదో పాడితినని జ్ఞాపకము.

మడి సమీపించుచుండ యంత్రము నాపితిని. ఎంత నిశ్శబ్దము! ఎక్కడనో కుక్క మొఱుగుట వినబడినది. నేల దగ్గఱకు రాగానే రెండు పిడులను గట్టిగా గ్రిందికి లాగి, నాలుగడుగులు తూలి నిలిచితిని. మావాళ్లెవ్వరును లేరు. గట్టున గడ్డిమంట కడ గూర్చున్న ముసలమ్మ మరాఠీలో, "పైన చలిగా నున్నదా, అమ్మాయీ?" అని యడిగెను. వ్రేళ్లు కొంకరలు పోయినవంటిని. "అయిన నిట్లు రా, కాచుకొందువు" అని పిలిచినది. వీపుమీద పెట్రోలు తొట్టి యున్నది గదా! దానిని దూరమున దింపి, వెళ్లి యామె ప్రక్కన గూర్చుంటిని.