బరువు లేని ఆట

ఆటలో మునిగిన బాలునికి ఆకలి గుర్తుండదు. తల్లి పిలుపు వినిపించదు. ఈ తన్మయత్వాన్ని యంత్రం ద్వారా అందిస్తామని వీడియో గేముల తయారీదారులు వాగ్దానం చేశారు. 2006లో వచ్చిన నింటెండో వీ, ఆటగాని చేతిలోని సాధనం కదలికను పసిగట్టింది. 2010లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన కినెక్ట్ ఆ సాధనాన్ని కూడా తొలగించింది. అది పరారుణ కిరణాలతో దేహాన్ని గుర్తించేది. నాలుగు మైక్రోఫోన్లతో మాటను ఆలకించేది. తొలి 60 రోజులలోనే 80 లక్షల కినెక్ట్‌లు అమ్ముడుపోయాయి.

కొత్తగూడెంలోని ఒక చిన్న ఇంటికి సెలవులలో వచ్చిన మనుమడు అటువంటి పరికరాన్ని టీవీకి అమర్చాడు. దానికి ఆరడుగుల దూరంలో నిలవాలి గనుక తాత మంచం వరండాలోకి చేరింది. ఆ తాత ముప్పై ఏళ్లు సింగరేణి భూగర్భ గనిలో పనిచేసినవాడు. మనుమడు బలవంతపెట్టగా ముష్టియుద్ధానికి నిలిచి, పలుమార్లు పిడికిలి విసిరాడు. రెప్పపాటు ఆలస్యంగా తెరమీది బొమ్మ కదిలింది. ప్రత్యర్థి కూలిపోయాడు.

“గెలిచినవు తాతా!”

“గుద్దిన చేతికి తెల్వకపాయె గద బిడ్డా!”

ఆ మాటలో గొప్ప రసవిమర్శ ఉంది. నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రచించిన అభినవగుప్తుడు రసానుభవానికి ఏడు విఘ్నాలను చెప్పాడు. వాటిలో ‘ప్రతీత్యుపాయవైకల్యం’ ఒకటి. అనగా, అనుభూతిని కలిగించవలసిన సాధనమే లోపభూయిష్ఠం కావడం. కదలికకు, ఫలితానికి నడుమ రెప్పపాటు ఎడం ఏర్పడినా, ‘ఇది యంత్రం’ అన్న స్పృహ మేలుకొంటుంది. మాట విషయమూ అంతే. కినెక్ట్ ఎరిగిన భాషలలో తెలుగు లేదు. మనుమడు ఆంగ్లపదాన్నే యంత్రానికి నచ్చిన ఉచ్చారణతో రెండు మూడుసార్లు పలుకవలసి వచ్చింది. తన గొంతును తానే సరిదిద్దుకొంటున్నవాడు ఆటలో ఎట్లా లీనమవుతాడు?

తాత ఎరిగిన లీనత వేరు. గనిలో పైకప్పును కడ్డీతో తట్టి, గట్టిగా మోగిందా, డొల్లగా పలికిందా అని చెవితో నిర్ణయించాలి. అక్కడ చేతి కదలికకు బండ బదులు చెబుతుంది. ఆ బదులు మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది.

తన్మయత్వానికి ప్రాణాపాయం కావాలని దీని అర్థం కాదు. నృత్యపు ఆటలలో కినెక్ట్ రాణించింది. నృత్యంలో చేతికి ఎదురుదెబ్బ అక్కరలేదు. పాదానికి నేల తగులుతూనే ఉంటుంది. ముష్టియుద్ధంలో మాత్రం యంత్రం దేహాన్ని చూడగలిగింది గాని, దానికి బదులు చెప్పలేకపోయింది. 2017లో కినెక్ట్ తయారీ నిలిచిపోయింది.

ఆ సాయంత్రం మనుమడు టీవీ ఆపివేశాడు. తాత చేతికర్రతో ఇంటి గోడను అక్కడక్కడ తట్టుతుంటే, చెవి ఆనించి, ఎక్కడ గట్టిదో ఎక్కడ డొల్లదో చెప్పసాగాడు. అన్నానికి రమ్మని నానమ్మ మూడుసార్లు పిలిచింది. ఇద్దరికీ వినిపించలేదు.