కంగన్ అమ్మే ముందు

మన ఇళ్లల్లో ఆటిజంకి ఇంకా పేరు కుదరలేదు. నానీలు "నజర్ తగిలింది" అంటారు. కొందరు "ఆసేబ్" అంటారు. మిగతావాళ్లు "మగపిల్లాడికి మాటలు లేటే" అని సర్దిచెబుతారు. ఈ మూడు మాటల మధ్యే భీమడోలులో మా భాంజాకి ఆరేళ్లు నిండాయి. హైవే మీద లారీ హారన్ మోగితే చెవులు మూసుకుంటాడు. తలకి దువ్వెన తగలనివ్వడు. రైలు పెట్టెలు మాత్రం ఎంతసేపైనా చూస్తాడు.

రంజాన్ ముందు చెల్లెలు ఫోన్ చేసింది. "భాయ్‌జాన్, సిటీలో తలకి తీగలు పెట్టి, కంప్యూటర్లో బొమ్మలు చూపించి దిమాగ్‌ని సరిచేస్తారట. నలభై సిట్టింగులట. వీడికి మాటలొస్తాయట. అమ్మీజాన్ ఇచ్చిన కంగన్ అమ్మేస్తా."

దాని పేరు న్యూరోఫీడ్‌బ్యాక్. మెదడు నుంచి కరెంటు అలల్ని పట్టుకోవచ్చని జర్మన్ డాక్టర్ హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించాడు. అదే ఈఈజీ. 1960ల్లో అమెరికాలో బారీ స్టర్మన్, ఒక రకం అల వచ్చినప్పుడల్లా పిల్లులకి ఇనాంగా తిండి పెట్టి, ఆ అలను పెంచుకోవడం వాటికి నేర్పాడు. ఇప్పుడు పిల్లలకి ఆ ఇనాం కార్టూనే. కావలసిన అల వస్తే బొమ్మ నడుస్తుంది, తగ్గితే మసకబారుతుంది. తీగలు మెదడులోకి కరెంటు పంపవు, వింటాయంతే. ఇంతవరకు సచ్చే.

మరి అల మారితే బిడ్డ మారతాడా? అసలు సవాల్ అది. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆటిజం ఉన్న కౌమార పిల్లల మీద దీన్ని పరీక్షించారు. సగానికి పైగా పిల్లలు తమ అలల్ని మార్చుకోగలిగారు. ఆటిజం లక్షణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ ఫర్క్ రాలేదు. అదే ఏడాది బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ, ఆటిజం పిల్లల్లో మాట, భాష సమస్యలకి న్యూరోఫీడ్‌బ్యాక్ వాడవద్దని రాసింది. మా చెల్లెలు కంగన్ అమ్మబోయింది సరిగ్గా ఆ మాటల కోసమే. పైగా దువ్వెనే భరించలేని తల మీద తీగలు ఎలా నిలుస్తాయి?

ఆటిజం ఒక బుఖార్ కాదు, ఇలాజ్ చేస్తే దిగిపోవడానికి. స్పీచ్ థెరపీ, బొమ్మల కార్డులతో అడగడం నేర్పడం, అమ్మానాన్నలు వాడి ఆటలోకి వెళ్లి ఆడటం... ఇవన్నీ నిదానంగా సాగే పనులు. సర్కారీ బడుల పరిధిలో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. సర్టిఫికెట్ తీసుకుంటే నిరామయ బీమా కింద లక్ష రూపాయల వరకు వైద్యానికి, థెరపీలకి వస్తుంది. సర్టిఫికెట్ అంటే షరమ్ పడేవాళ్లు మనలో చాలామంది. అది బిడ్డ హక్కు, మచ్చ కాదు.

అంతా విని చెల్లెలు అడిగింది: "నువ్వు చెప్పినవాటిల్లో ఏదీ వీడు అమ్మీ అంటాడని గ్యారంటీ ఇవ్వదు కదా, భాయ్‌జాన్?"

ఇవ్వదు. ఆ మాటే చెప్పాను. గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గరే జేబు జాగ్రత్త అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, భవిత ఎన్ని గంటలకి తెరుస్తారని అడిగింది.