బిగిసిన స్టీరింగు

అండమాన్ దీవులలో వాహన నిర్వహణ ఒక ప్రత్యేక విద్య. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, దానికి తోడు ఉప్పుగాలి. ఇనుమునకు ఇంతకన్న శత్రువులు లేరు.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో మా విభాగపు ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌కు స్టీరింగు బిగిసిపోయినది. మలుపు తిరిగిన పిమ్మట తనంతట తాను నిటారుకు రావడం లేదు. అండమాన్ ట్రంక్ రోడ్డు వంపులలో ఇది ప్రాణాంతకమే. స్టీరింగు బాక్సు మార్చాలని మెకానిక్ తేల్చాడు. అది చెన్నై నుండి ఓడలో రావాలి. బండిని సముద్రపు నీటిలో దింపాడన్న అనుమానంతో డ్రైవరుకు మెమో కూడా సిద్ధమైనది.

“ముందు పరీక్షిద్దాం” అన్నాను. టైర్లలో గాలి, పవర్ స్టీరింగు ఆయిలు, బెల్టు బిగువు సక్రమంగా ఉన్నవి. తారురోడ్డుపై ఫోర్‌వీల్‌లో నడిపినా మలుపులలో స్టీరింగు బరువెక్కుతుంది; కాని లివరు టూవీల్‌లోనే ఉన్నది. ముందు చక్రాలను జాకీలపై ఎత్తినా బిగువు తగ్గలేదు. డ్రాగ్‌లింకు విడదీయగా చక్రాలు చేతితో సులువుగా తిరిగినవి. స్టీరింగు మాత్రం కదలనన్నది. కనుక దోషం పైభాగాననే ఉన్నది. బాక్సు నుండి షాఫ్టును విప్పి చూడగా బాక్సు తేలికగా తిరిగినది. షాఫ్టులోని యూనివర్సల్ జాయింటు తుప్పుతో బిగుసుకొని ఉన్నది!

అరచేతిలో ఇమిడే ఆ భాగం విమానంలో వచ్చినది. బాక్సు ఖర్చు తప్పినది, మెమో చిరిగినది. వానాకాలంలో నెలకొకసారి బండి అడుగుభాగాన్ని మంచినీటితో కడిగించి, ఈ జాయింటును చూడవలసినదిగా సోదర ఉద్యోగులకు నా మనవి.